పిల్లల వెన్నుకు పట్టీలు అవసరమా?

గత సంవత్సరము కార్తీకమాసములో ఒక ఉదయము ఆత్రేయపురములోని మా వైద్యశాలకు ఒక పెద్దావిడ తన మనుమడిని, మనుమరాలిని వెంటబెట్టుకొని వచ్చినది. పూతరేకులు తీయుటలో నలభై సంవత్సరములుగా చేయి తిరిగిన మనిషి. పిల్లవానికి తొమ్మిదేండ్లు. చంకల క్రింద చర్మము ఎర్రగా కంది, అక్కడక్కడ ఒరుసుకొనిపోయినది. చొక్కా విప్పించి చూడగా భుజముల మీదుగా వచ్చి, వీపున అడ్డముగా కలిసి, నడుము చుట్టూ బిగియు ఒక నల్లని సాగే పట్టీ కనిపించినది.

"ఇది ఎందుకమ్మా?" అని అడిగినాను.

"ఆళ్ళమ్మ కువైట్‌లో ఉంటదండి. ఫోన్లో మొకం చూసినప్పుడల్లా 'వంగిపోతున్నావురా, వంగిపోతున్నావురా' అని గోల. అక్కడి నుంచే ఇది తెప్పించిందండి. దీంతో నడుం నిటారుగా నిలబడద్దంటండి" అన్నది. తరువాత తన నడుము మీద చేయి వేసుకొని, "మా నడుం అంటే పొయ్యికాడ వంగిందండి బాబూ. ఈ పిల్లలు పొయ్యి మొకమే చూడలేదు కదండీ, మరి వీళ్ళకెందుకొచ్చింది?" అని అడిగినది.

ఆ ప్రశ్న చాల లోతైనది. నేడు అనేక గృహములలో తల్లిదండ్రులు ఇదే ప్రశ్న వేసుకొని, జవాబు కొరకు ఆగక, పట్టీలు కొని తొడుగుచున్నారు. కనుక ఈ వ్యాసములో బిడ్డల వెన్నుకు వస్త్రములతో, పట్టీలతో ఆధారము కల్పించుట ఎంతవరకు యుక్తమో, ఎక్కడ అనవసరమో, ఎక్కడ అత్యవసరమో పాఠకులకు విన్నవించదలచినాను.

ముందుగా ఆ బాలుని సంగతి చెప్పెదను. పట్టీ తీయించి నిలబడమన్నాను. "నిటారుగా నిలబడు బాబూ" అనగానే చక్కగా నిలిచినాడు. ముందుకు వంగి పాదములు అందుకొమ్మనగా అందుకొన్నాడు. వీపు రెండు వైపుల సమముగానే ఉన్నది. నొప్పి లేదు. వానికి వ్యాధి ఏమియు లేదు. నేల మీద బోర్లాపడి, గోడకు జారగిలబడి గంటల తరబడి ఫోను చూచు అలవాటు మాత్రమే ఉన్నది.

"ఈ పట్టీ వీడి కొలతకు లేదే, పాతదివలె ఉన్నది" అన్నాను.

"ఆయ్, అక్కదేనండి. ఏడాది పాటు అదే వేసుకుందండి. ఇరుకైపోయిందని తమ్ముడికిచ్చింది."

అప్పుడు గాని నేను ఆ మూలన నిలబడిన అక్కను తేరిపార చూడలేదు. పండ్రెండేండ్ల పిల్ల. ఆమెకు జబ్బు ఉన్నదని ఎవరును తీసికొనిరాలేదు. తమ్మునికి తోడు వచ్చినది, అంతే. వదులైన బడి దుస్తుల మీద కూడ ఆమె కుడి భుజము కొంచెము ఎత్తుగా ఉన్నట్లు తోచినది. మామ్మను ప్రక్కన ఉంచుకొని, "అమ్మాయీ, చేతులు రెండు జోడించి ముందుకు వంగు తల్లీ" అన్నాను. వంగినది. వెన్నుకు కుడి ప్రక్క ప్రక్కటెముకల భాగము, చేటలో బియ్యము ఒక వైపునకు చేరినట్లు, ఎత్తుగా లేచినది.

ఒకే పట్టీని ఇద్దరు పిల్లలు వేసుకొన్నారు. తమ్మునికి అది అక్కరలేదు. అక్కకు అది చాలదు. ఆ పట్టీ మాటున, ఆ వదులు దుస్తుల మాటున, ఆ పిల్ల ఎదుగుదలలో ఒక సంవత్సరము గడచిపోయినది. ఈ వ్యాసము వ్రాయుటకు కారణము ఇదియే.

లిబర్టీ బాడీస్ కథ

పిల్లల వెన్ను దానంతట అది నిలువజాలదని, దానిని బయటనుండి నిలబెట్టవలెనని తలచుట నేటి మాట కాదు. ఐరోపా దేశములలో కొన్ని శతాబ్దముల పాటు కలిగినవారి పిల్లలకు పసితనము నుండియే బిగుతైన కట్టుడు రవికలు తొడిగెడివారు. వాటిలో తిమింగలపు దవడ నుండి తీసిన బద్దలు గాని, మందపు దారపు పేటలు గాని ఉండెడివి. వెనుక త్రాళ్ళు లాగి బిగించెడివారు. అట్లు చేయనిచో పిల్ల గూనిది అగునని భయము. స్వయముగా వైద్యశాస్త్రము చదివిన ఇంగ్లీషు తత్త్వవేత్త జాన్ లాక్, 1693లో ప్రకటించిన తన శిశువిద్యా గ్రంథములో, ఈ బిగుతు కట్టుల వలన ఛాతీ ఇరుకై, ఊపిరి చాలక, వెన్ను వంకర పోవునని హెచ్చరించినాడు. అయినను ఆ ఆచారము మరి రెండు వందల ఏండ్లు సాగినది.

పందొమ్మిదవ శతాబ్దపు చివర దీనికి ఎదురు తిరిగినవారు బయలుదేరినారు. 1881లో లండనులో హేతుబద్ధ వస్త్రధారణ సంఘము ఒకటి ఏర్పడినది. స్త్రీల లోదుస్తుల బరువు మొత్తము 7 పౌన్లు, అనగా సుమారు 3 కిలోలు మించరాదని ఆ సంఘము కోరినదనిన, అంతకు ముందు ఎంత బరువు మోసెడివారో ఊహించుకొనవచ్చును. ఆ బరువంతయు నడుమున బొందుల మీద వ్రేలాడెడిది. దానిని భుజములకు మార్చవలెనని సంస్కర్తల వాదము.

ఆ వాదము పిల్లల ఉడుపులలో రూపు దాల్చినది 1908లో. ఇంగ్లండులోని లీసెస్టర్‌షైరు మండలములో మార్కెట్ హార్బరో అను చిన్న పట్టణము కలదు. అక్కడ ఆర్. అండ్ డబ్ల్యు. హెచ్. సిమింగ్టన్ అను కార్సెట్ల తయారీ సంస్థ 'లిబర్టీ బాడీస్' అను పేరుతో ఒక లోచొక్కాను విడుదల చేసినది. లిబర్టీ అనగా స్వేచ్ఛ. అది చేతులు లేని మెత్తని అల్లిక బట్ట. లోపల నూగు ఉండి చలికి వెచ్చగా ఉండెడిది. బద్దలు లేవు, త్రాళ్ళు లేవు. బట్ట సాగిపోకుండ నిలువుగా నూలు పట్టీలు కుట్టెడివారు. ముందు భాగమున బొత్తాములు. క్రింది అంచున మరికొన్ని బొత్తాములు. వాటికి నిక్కరు తగిలింపవచ్చును. చలికాలములో వేసికొను పొడవైన మేజోళ్ళు జారిపోకుండ సాగే కొక్కెపు పట్టీలను ఆ అంచునకే తగిలించెడివారు. బట్టలు పిండు మరలో పడి పగులకుండ తరువాతి కాలములో రబ్బరు బొత్తాములు వేసినారు.

ఇందులోని కిటుకు గమనింపదగినది. మేజోడు బరువు, నిక్కరు బరువు భుజముల మీదికి పోయినవి. నడుము బిగింపు లేదు. మోకాలి క్రింద రక్తమును ఆపు రబ్బరు చుట్టలు లేవు. ఇంగ్లండులో తరతరముల పిల్లలు దీనిని తొడిగినారు. బొత్తాముల తంటా తలచుకొని విసుగుకొన్నవారు ఉన్నారు, వెచ్చదనము తలచుకొని మురిసినవారు ఉన్నారు. రెండవ ప్రపంచ యుద్ధము తరువాత ఇండ్లలో వెచ్చని సదుపాయములు పెరిగి, సాగే నడుము పట్టీల దుస్తులు వచ్చి, అది క్రమముగా వాడుక తప్పినది. మార్కెట్ హార్బరోలోని ఆ పాత కార్సెట్ల కర్మాగారపు భవనములో తరువాతి కాలమున పురపాలక కార్యాలయము, వస్తు ప్రదర్శనశాల వెలసినవి.

ఇంతకు లిబర్టీ బాడీస్ వెన్నును నిలబెట్టినదా? కార్సెట్టు అలవాటు వదలలేని తల్లులు అట్లు నమ్మినారు. నిజమునకు అది చేసిన మేలు వేరు. అది బిడ్డను కదలనిచ్చినది. కదలిన బిడ్డ పరుగెత్తినది, ఎక్కినది, గెంతినది. వెన్ను కండరములు ఆ కదలిక వలన బలపడినవి. బట్ట చేసిన ఉపకారమెల్ల అడ్డు తొలగుటయే.

మన మొలతాడు, మన బాడీ లంగా

ఇదే తెలివి మన కోనసీమ ఇండ్లలో వేరొక రూపమున ఉన్నది. మా బాల్యములో మగపిల్లలకు నల్లని నూలు మొలతాడే సర్వము. గోచి దానికే దోపెడివారు. కలిగినవారి బిడ్డలకు వెండి మొలతాడు, ఆడపిల్లలకు సిగ్గుబిళ్ళ. మొలతాడు వెన్నును నిలుపుటకు కాదు, దుస్తును నిలుపుటకు. అదియును వ్రేలు దూరునంత వదులుగా కట్టెడివారు. పెద్దలకు అది ఒక కొలబద్ద కూడ. బిగిసినచో బిడ్డ ఒళ్ళు చేసినదని, జారినచో చిక్కినదని మా మామ్మ గ్రహించెడిది.

ఆడపిల్లలకు బాడీ లంగా కుట్టించెడివారు. పేరు ఇంగ్లీషు వారిదే, పని మన దర్జీలది. లంగా కుచ్చెళ్ళను నడుమున బొందుతో బిగింపక, పైన చేతులు లేని పలుచని నూలు బాడీకి కలిపి కుట్టుట దీని విశేషము. లంగా బరువు భుజముల నుండి దిగును. పిల్ల తొక్కుడుబిళ్ళ ఆడినను, చెట్టెక్కినను జారదు. క్రింద మడత పెట్టి కుట్టి, పిల్ల ఎదిగిన కొలది ఆ మడత విప్పెడివారు. మార్కెట్ హార్బరో పేరైనను వినని మన దర్జీ అదే సూత్రమును పాటించినాడు.

నడుమున బిగించుట వలన కీడు కలదా అని కొందరు అడుగుదురు. కలదు. దశాబ్దముల తరబడి ఒకే చోట బిగించిన బొందు ఒరిపిడి వలన చర్మము నల్లబడును, మందమగును, పుండు పడును. 2024లో మహారాష్ట్రలోని వార్ధా, బీహారులోని మధుబని వైద్యులు, ఇట్టి మానని పుండు క్యాన్సరుగా మారిన ఇద్దరు వృద్ధస్త్రీల వృత్తాంతమును వైద్య పత్రికలో ప్రకటించినారు. ఇది అరుదు. దీనిని చూపి పిల్లలను భయపెట్టనక్కరలేదు. కాని అలవాటు పసితనములోనే మొదలగును గనుక, పావడా బొందైనను, నిక్కరు ఎలాస్టిక్ అయినను, మేజోడు అంచైనను, విప్పిన తరువాత చర్మము మీద లోతైన గాడి మిగిలినచో అది బిగుతని గ్రహించి మార్చవలెను. రెండు వ్రేళ్ళు సులువుగా దూరవలెను. మేజోడు జారకుండ రబ్బరు చుట్టలు వేయుట కంటె, కొలతకు సరిపోవు క్రొత్త మేజోడు కొనుట మేలు.

శాస్త్రము ఏమి చెప్పినది?

మా ఊరి పేరు విన్నవారు కొందరు చరకసంహితకు మూలమైన ఆత్రేయ పునర్వసువును తలచెదరు. అది పేరులోని పోలిక మాత్రమే. కాని బిడ్డల వెన్నును గురించి మన ప్రాచీనులు చెప్పిన మాటలు మాత్రము నేటికిని పాతబడలేదు.

సుశ్రుతాచార్యుడు శారీరస్థానము పదవ అధ్యాయములో పసిబిడ్డను ఎట్లు ఎత్తుకొనవలెనో, ఎట్లు మేలుకొలుపవలెనో చెప్పుచు, సమయము రాకుండ కూర్చుండబెట్టరాదని, అట్లు చేసినచో గూని వచ్చు భయము కలదని హెచ్చరించినాడు. కాశ్యపసంహిత కౌమారభృత్యమునకు మూలగ్రంథము. చిరకాలము మరుగున పడి, నేపాళ రాజగురువు హేమరాజశర్మ గారి చొరవతో 1938లో అచ్చయినది. ఆ గ్రంథము బిడ్డను అలికిన నేలపై కొద్దిసేపు మాత్రమే కూర్చుండబెట్టుట అభ్యాసము చేయింపుమన్నది. ఎక్కువసేపు కూర్చుండబెట్టినచో నడుము బలహీనమగునని, వెన్ను వంగునని, అలసట, మలమూత్ర వాయువుల నిరోధము కలుగునని చెప్పినది. ఈ మాటలు పసికందులను గూర్చినవి. కాని ఉదయము నుండి సాయంత్రము వరకు బల్లల మీద, రాత్రి ఫోను ముందు కూర్చున్న మన బడిపిల్లలకు అవి ఎంత వర్తించునో పాఠకులే ఆలోచింపవలెను.

అదే కాశ్యపసంహితలో ఫక్కరోగమని ఒకటి చెప్పబడినది. ఏడాది నిండినను నడువలేని బిడ్డకు ఆ పేరు. పాలదోషము వలన, గర్భకారణము వలన, ఇతర వ్యాధుల వలన అని మూడు విధములు. అందులకు స్నేహపానాది చికిత్సలతో పాటు మూడు చక్రముల చిన్న రథమును చేయించి, దాని ఆధారముతో బిడ్డను నడిపింపుమని విధించినారు. దీని అంతరార్థము నాకు గురుకులములో మా గురువుగారు విప్పి చెప్పినది నేటికిని చెవిలో ఉన్నది. "రథము బిడ్డను మోయదురా, బిడ్డయే రథమును నెట్టును. బలము ఎవరికి వచ్చును?" అని అడిగినారు. ఆధారము బిడ్డ బలమును మేలుకొల్పవలెను గాని, ఆ బలమునకు బదులుగా నిలువరాదు.

సాగే పట్టీ విషయములో జరుగుచున్నది దీనికి విరుద్ధము. రబ్బరు భుజములను వెనుకకు లాగును. వీపు కండరములు చేయవలసిన పనిని రబ్బరు చేయును. పట్టీ తీయగానే భుజములు మరల ముందుకు వాలును. పిల్లవాడు దానిని గంటల తరబడి బిగించుకొన్నచో ఛాతీ పూర్తిగా విప్పారదు, చంకలలో చర్మము ఒరుసుకొనును. మన కోస్తా ఉక్కలో చెమటపొక్కులు సరేసరి.

వేరైన కవచము

ఇక ఆ బాలిక సంగతి. ఆమెను ఆలస్యము చేయక రాజమహేంద్రవరములోని ఎముకల వైద్యునికి చూపుమని లేఖ వ్రాసి ఇచ్చినాను. ఎక్స్‌రే తీసినారు. వెన్నెముక ప్రక్కకు 28 డిగ్రీలు ఒరిగినది. దీనిని స్కోలియోసిస్ అందురు. పది నుండి పదిహేనేండ్ల మధ్య, త్వరగా ఎదుగు కాలములో, ముఖ్యముగా ఆడపిల్లలలో ఇది పెరుగుటకు అవకాశము ఎక్కువ. చాలమందిలో కారణము తెలియదు. బరువైన సంచి వలన గాని, వంగి కూర్చుండుట వలన గాని వచ్చునది కాదు. తల్లి తప్పు కాదు, పిల్ల తప్పు కాదు.

వారికి కొలత తీసి గట్టి ప్లాస్టిక్ కవచము చేయించినారు. ఒక వారము తరువాత మామ్మ మరల వచ్చి, "ఇదేంటండీ వైద్యులుగారూ, తీసెయ్యమన్న పట్టీ చిన్నదండి. ఇప్పుడు దాని పెద్దన్న వచ్చి కూర్చుందండి!" అన్నది. ఆ మాటలో వెటకారము కంటె దిగులే ఎక్కువ.

ఆమెకు చెప్పినదే ఇక్కడ చెప్పుచున్నాను. అంగడి పట్టీ ఏ బిడ్డ కొలతకును కుట్టినది కాదు. అది భుజములను వెనుకకు లాగునే గాని ప్రక్కకు ఒరిగిన వెన్నెముకను తాకజాలదు. వైద్యుడిచ్చిన కవచము ఆ ఒక్క బిడ్డ వంపునకు తగినట్లు అచ్చు తీసి, ఎత్తుగా ఉన్న చోట ఒత్తునట్లు, ఎదుటి ప్రక్క ఖాళీ ఉండునట్లు చేసినది. సాధారణముగా ఇంకను ఎదుగుచున్న పిల్లలలో వంపు 25 నుండి 40 డిగ్రీల వరకు ఉన్నప్పుడు దీనిని సూచింతురు. ఉత్తర అమెరికాలో జరిగి 2013లో ప్రకటితమైన ఒక పెద్ద అధ్యయనములో, కవచము ధరించినవారిలో 72 శాతము మందికి, ధరింపనివారిలో 48 శాతము మందికి ఎదుగుదల ముగియువరకు వంపు శస్త్రచికిత్స దాకా పోకుండ నిలిచినది. రోజుకు ఎన్ని ఎక్కువ గంటలు ధరించినారో అంత ఎక్కువ ఫలము. ఈ కవచము వంపును పూర్తిగా తీసివేయునది కాదు, పెరుగకుండ పట్టి ఉంచునది. కనుకనే ఎదుగుదల మిగిలి ఉన్నప్పుడే మొదలు పెట్టవలెను. అందువలననే ఆ పోయిన సంవత్సరము నన్ను బాధించినది.

నూనె మర్దనము చేతను, కషాయముల చేతను, ఆసనముల చేతను ఇట్టి వంపు సరియగునని ఎవరైన చెప్పినచో నమ్మి కాలము పోగొట్టుకొనవద్దని ఆయుర్వేద వైద్యునిగానే మనవి చేయుచున్నాను.

నా పొరపాటు

నా వృత్తి తొలినాళ్ళలో ఒక పిల్లవానిని నా వద్దకు తెచ్చినారు. వీపు మధ్యన ఒక ఎముక పైకి పొడుచుకొని వచ్చినది. వాతప్రకోపమని తలచి తైలమర్దనము చేయించి, నడుముకు బట్ట పట్టీ కట్టించినాను. ఆరు వారములు గడచినవి. రాత్రులు నొప్పితో ఏడ్చుచున్నాడని, సాయంత్రము ఒళ్ళు వెచ్చబడుచున్నదని తల్లి చెప్పినప్పుడు గాని నాకు మెలకువ రాలేదు. అది వెన్నెముకకు పట్టిన క్షయ. పెద్దాసుపత్రికి పంపినాను. మందులు వాడి బ్రదికినాడు, కాని ఆ గూని అట్లే మిగిలినది. అతడు నేడు పెద్దవాడై బజారులో ఎదురైనప్పుడెల్ల నాకు నమస్కరించును. నేను తల వంచుకొందును.

కనుక ఈ క్రింది లక్షణములలో ఏ ఒక్కటి ఉన్నను పట్టీ కొనక, ఇంటి వైద్యము చేయక, వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

రాత్రి నిద్ర లేపు వెన్ను నొప్పి. విడువని జ్వరము, బరువు తగ్గుట. వెన్నులో ఒక్కచోట నొక్కిన నొప్పి, లేక ఒక ఎముక పొడుచుకొని వచ్చుట. కాళ్ళు తిమ్మిరెక్కుట, తడబడుట. మలమూత్రములు పట్టు తప్పుట. నిటారుగా నిలువుమన్నను, బోర్లా పడుకొన్నను పోని గూని.

ఇంటిలో చేయదగిన పరీక్ష

పది నుండి పదిహేనేండ్ల పిల్లలను ఆరు మాసములకు ఒకసారి తల్లియో, మామ్మయో ఇట్లు చూడవలెను. పలుచని బనియనుతో వెలుగులో నిలబెట్టవలెను. రెండు భుజములు ఒకే ఎత్తున ఉన్నవా? రెండు రెక్కఎముకలు సమముగా ఉన్నవా? వ్రేలాడు చేతులకు, నడుముకు మధ్య ఖాళీ రెండు వైపుల సమానమేనా? తరువాత పాదములు కలిపి, మోకాళ్ళు వంపక, చేతులు జోడించి ముందుకు వంగమనవలెను. వెనుక నుండి చూచినప్పుడు వీపు ఒక ప్రక్క ఎత్తుగా ఉన్నచో ఎముకల వైద్యునికి చూపవలెను. దీనికి ఖర్చు లేదు, రెండు నిమిషములు చాలును.

వ్యాధి లేని వంగుడుకు విధానము

తమ్మునివలె అలవాటుచే వంగు పిల్లలకు నేను చెప్పు విధానము ఇది.

మొదట చదువు ఎత్తు మార్చవలెను. మా గురుకులములో అష్టాంగహృదయమును నేల మీద పెట్టి చదువనిచ్చెడివారు కారు. వ్యాసపీఠము మీద ఉంచవలెను. అది గ్రంథమునకు గౌరవమని మాకు చెప్పినారు. మెడకు రక్షణ అని తరువాత తెలిసినది. తల బరువు నాలుగైదు కిలోలు. అది ముందుకు వాలిన కొలది మెడ కండరములు దానిని లాగి పట్టుకొనవలసి వచ్చును. వ్యాసపీఠము నేడును దొరకును. లేనిచో రెండు ఇటుకల మీద ఏటవాలు చెక్క చాలును. ఫోను చూడక తప్పనిచో అదియును ఆ ఎత్తుననే.

రెండవది, అరగంటకొకసారి లేచి తిరుగుట. మడిమలు, పిరుదులు, వీపు, తల గోడకు ఆనించి పది ఊపిరుల పాటు నిలుచుట.

మూడవది, రోజుకు ఒకసారి బోర్లా పడుకొని, చేతుల బలము ఎక్కువ వాడక, ఛాతీని మెల్లగా పైకెత్తి ఐదు ఊపిరులు నిలిపి దించుట. ఐదు మారులు. పెద్దలు ప్రక్కన ఉండగా ఈత మరింత మేలు. దీనికంటె మించినది ఆట. ఎండలో, మన్నులో, పరుగుతో కూడిన ఆట.

నాలుగవది, బడిసంచి. 2020 నాటి జాతీయ బడిసంచి విధానము ప్రకారము సంచి బరువు బిడ్డ బరువులో పదవ వంతు మించరాదు. 30 కిలోల పిల్లకు 3 కిలోలు. రెండు భుజములకు తగిలించుకొని, వీపునకు హత్తుకొనునట్లు ఉండవలెను.

ఐదవది, ఆహారము. రాగిజావ, నువ్వుల ఉండలు, మినప సున్నుండలు, మునగాకు పప్పు, పాలు, పెరుగు. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము ఉన్నది. మినుములు బల్యములని, వాతహరములని మన శాస్త్రము. వారమునకు రెండు మారులు గోరువెచ్చని నువ్వులనూనె వీపునకు, కాళ్ళకు పట్టించి, పెసరపిండితో నలిచి స్నానము చేయించవలెను. నూనె ఎముకను తిన్నగా చేయదు. కాని అలసిన కండరము సేదదీరును, బిడ్డకు నిద్ర పట్టును. అంతకంటె, ఆ పది నిమిషములలో పెద్దల చేతులు, కన్నులు బిడ్డ వీపు మీద ఉండును. ఆ అక్కకు నెలకొక్కసారి అయినను ఎవరైన నూనె పట్టించి ఉన్నచో ఆ ఎత్తు చేతికి తగిలెడిదే. అయితే పెద్దపిల్ల అయినదని మానివేసినారట.

ముగింపు

తమ్ముని పట్టీ ఇంటిలో ఏ మూలనో పడినది. వాడు ఈ వేసవి సెలవులంతయు ఆటలలో గడిపినాడు. ఇప్పటికిని వంగి కూర్చుండును, "బాబూ" అనగానే సర్దుకొనును. తొమ్మిదేండ్లవానికి అది చాలును.

అక్క కవచము ధరించుచున్నది. మొదట బడిలో పిల్లలు తట్టి చూచి నవ్వినారట. కొన్ని దినములు ఏడ్చినది. వైశాఖములో తీసిన ఎక్స్‌రేలో వంపు పెరుగలేదు. ఇంకను రెండేండ్లు వేసికొనవలసి యుండవచ్చును. మేలు జరుగునని నా ఆశ.

కవచము క్రింద చర్మము ఒరియకుండ మెత్తని నూలు బనియను ముడుత లేకుండ తొడుగవలెనని వైద్యులు చెప్పినారు. ఆ పని మామ్మ తీసికొన్నది. అంగడి బనియనుల ప్రక్క కుట్లు గుచ్చుకొనుచున్నవని, బాగుగా ఉతికి నలిగిన తెల్లని పాత పంచెతో కుట్టు బయటికి వచ్చునట్లు తానే ఐదు కుట్టినది. మొన్న నాకు చూపి, "రేకు తీసే గుడ్డ అయినా అంతేనండి. ఒక్క ముడత ఉందంటే రేకు చిరిగిపోద్దండి. పిల్ల ఒళ్ళు కూడా అంతే కదండీ" అన్నది.

ప్రతి ఉదయము బడికి పోకముందు ఆ బనియనును ఆమెయే సర్ది, వీపు మీద అరచేయి ఒకసారి నిమిరి, ఆ పైన కవచము బిగించునట.